దిగుమతైన పాత కరెంటు కారు: లోపలి చార్జరు సంగతి



ఈ రోజు మనం పాత కరెంటు కార్ల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఒక దేశంలో కొన్నేళ్ళు తిరిగి, ఆ తర్వాత ఓడెక్కి ఇంకో దేశం చేరి, అక్కడ మళ్ళీ అమ్ముడుపోయే కార్ల గురించి. "అటువంటివి మన రోడ్ల మీద ఎక్కడున్నాయండీ, మాకెందుకు ఆ గొడవ?" అని మీరు అడగవచ్చు. నిజమే. మన దేశంలోకి వాడిన కార్లను తెచ్చుకోవడానికి నిబంధనలు కఠినం, సుంకం భారం. హోసూరులోనో, కోలారులోనో, రాయగడలోనో అటువంటి కారు కనిపించడం అరుదు. అయితే మన ఇళ్ళ నుంచి వెళ్ళి న్యూజీలాండ్‌లో కాపురం పెట్టిన పిల్లలు ఉన్నారు. ఆ దేశంలో జపానువాళ్ళు వాడి అమ్మేసిన కారు కొనుక్కోవడం సర్వసాధారణం. జపానులోనూ అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతారు, కాబట్టి స్టీరింగు ఎటుందన్న బాధ లేదు. పిల్లలు ఫోనులో "నాన్నా, చవకగా కరెంటు కారు వచ్చింది, తీసుకోమంటావా?" అని అడిగితే మీరు తిరిగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇక్కడ మీరు బెంగుళూరు నుంచో, చెన్నై నుంచో, నాగపూరు నుంచో సెకండ్ హ్యాండు కరెంటు కారు తెచ్చుకోబోతున్నా అడగవలసింది అదే ప్రశ్న.

ఆ ప్రశ్న ఏమిటంటే, "కారు లోపలి చార్జరు ఎన్ని కిలోవాట్లది?"

ముందు ఈ లోపలి చార్జరు అంటే ఏమిటో చూద్దాం. మన ఇంటికి వచ్చే కరెంటు ఏసీ. బ్యాటరీలో నిలవ ఉండేది డీసీ. పాత రోజుల్లో ట్రాన్సిస్టరు రేడియోకి సెల్స్ ఖర్చు తగ్గించుకోవడానికి ఎలిమినేటరు అని ఒక చిన్న పెట్టె కొనేవాళ్ళం, గుర్తుందా? గోడ ప్లగ్గులోని ఏసీని డీసీగా మార్చి రేడియోకి అందించేది. కరెంటు కారులో కూడా అటువంటి పెట్టె ఒకటి, చాలా పెద్దది, కారులోనే బిగించి ఉంటుంది. అదే లోపలి చార్జరు. ఇంటి గోడకు తగిలించే పెట్టెనూ, బజారులో కనిపించే చార్జింగ్ పాయింటునూ మనం చార్జరు అంటున్నాం గాని, ఏసీ పాయింటు నిజానికి ఒక భద్రమైన స్విచ్చి. అసలు పని కారులోని పెట్టె చేస్తుంది. ఆ పెట్టెకు ఒక హద్దు ఉంటుంది. చెరువు తూము ఎంత పెద్దదైనా మన మడికి తీసిన గండి ఎంతుంటే అన్ని నీళ్ళే పారతాయి కదా, ఇదీ అంతే.

ఇప్పుడు జపాను సంగతికి వద్దాం. నిస్సాన్ కంపెనీ లీఫ్ అనే కారును 2010 డిసెంబరులో జపానులోనూ, అమెరికాలోనూ అమ్మకానికి పెట్టింది. దాని బ్యాటరీ 24 యూనిట్లది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. లోపలి చార్జరు 3.3 కిలోవాట్లది. పొలం ఉన్నవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. అయిదు హార్స్‌పవర్ మోటారు 3.7 కిలోవాట్లు. అంటే ఈ చార్జరు నాలుగున్నర హార్స్‌పవర్ మోటారంత లోడు లాగుతుంది, అదీ రాత్రంతా. ఖాళీ బ్యాటరీ నిండడానికి సుమారు ఎనిమిది గంటలు.

ఇంత చిన్న చార్జరు ఎందుకు పెట్టారని అడగవచ్చు. జపాను ఇళ్ళలో మామూలు ప్లగ్గులకు వచ్చేది 100 వోల్టులు. కారు కోసం ప్రత్యేకంగా 200 వోల్టుల లైను వేయించుకుంటారు. అక్కడ చాలాచోట్ల ఇంటి కనెక్షను ఇన్ని ఆంపియర్లని లెక్కకట్టి ఇస్తారు, దాన్ని బట్టే నెలవారీ స్థిర రుసుము. అటువంటి ఇంట్లో 200 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు, అంటే 3 కిలోవాట్లు, ఒక్క కారుకే ఇవ్వడం తక్కువేమీ కాదు. రాత్రి పడుకునే ముందు తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుంది. పైగా చార్జరు పెద్దదైతే బరువు, వేడి, ఖరీదు మూడూ పెరుగుతాయి. కాబట్టి ఆ ఊరికి, ఆ ఇంటికి అది సరిపోయిన చార్జరే.

చిక్కు కారు ఊరు మారినప్పుడు వస్తుంది. న్యూజీలాండ్‌లో మనకులాగే 230 వోల్టులు. ఇంట్లో 32 ఆంపియర్ల చార్జింగ్ పాయింటు పెట్టించుకుంటే 7 కిలోవాట్లకు పైగా ఇస్తుంది. బజారులో మూడు ఫేజుల పాయింట్లు 22 కిలోవాట్ల వరకు ఇస్తాయి. కొత్తగా కారు కొన్న మనిషి ఆ 22 అంకె చూసి, 24 యూనిట్ల బ్యాటరీ గంటా పది నిమిషాలలో నిండుతుందనుకుంటాడు. కేబులు తగిలించి కాఫీ తాగి వస్తే, ఎక్కింది మూడు యూనిట్లు. పాయింటు చెడిపోలేదు, బ్యాటరీ చెడిపోలేదు. కారు తీసుకోగలిగింది అంతే.

బ్యాటరీ పెరిగే కొద్దీ ఈ సంగతి ఇంకా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. 2017లో వచ్చిన రెండో తరం లీఫ్ బ్యాటరీ 40 యూనిట్లు. జపానులో దానికి మామూలుగా ఇచ్చిన చార్జరు 3 కిలోవాట్లది. అదనపు డబ్బు కడితే 6 కిలోవాట్లది పెట్టేవారు. మొదటిదానితో నిండడానికి సుమారు 16 గంటలు, రెండోదానితో సుమారు 8 గంటలు అని కంపెనీయే చెప్పింది. పక్కపక్కన నిలబెడితే రెండు కార్లూ ఒకటే. రంగు ఒకటే, సీట్లు ఒకటే, బ్యాటరీ ఒకటే. తేడా అంతా బయటికి కనబడని పెట్టెలో ఉంది. అందుకే అమ్మేవాడు చెప్పకపోతే కొనేవాడికి తెలియదు. బ్రిటను నుంచి వచ్చిన పాత లీఫ్‌లలో 6.6 కిలోవాట్ల చార్జరు ఉన్నవీ దొరుకుతాయి. అందువల్ల "లీఫ్ అంటే ఇంత" అని ఒక్కమాటలో తేల్చడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. చార్జింగ్ పాయింటు, కారు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కేబులులో ఒక సన్నని తీగ ఉంటుంది. దాని మీద సెకనుకు వెయ్యిసార్లు ఎగసి పడే చిన్న సంకేతాన్ని పాయింటు పంపిస్తుంది. ఆ వెయ్యిలో ఒక్కొక్కటి ఎంతసేపు పైన నిలిచిందన్నదాన్ని బట్టి కారుకు అర్థం తెలుస్తుంది. పదో వంతు సేపు నిలిస్తే "నా దగ్గర 6 ఆంపియర్లే ఉన్నాయి" అని. సగానికి కొంచెం ఎక్కువసేపు నిలిస్తే "32 వరకు తీసుకో" అని. కేబులు కూడా తన తలకాయలో ఒక చిన్న నిరోధకం పెట్టుకుని తన హద్దు తాను చెప్పుకుంటుంది. పాయింటు హద్దు, కేబులు హద్దు, లోపలి చార్జరు హద్దు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే నడుస్తుంది. 6 కిలోవాట్ల కారు కొని, డబ్బు మిగులుతుందని 16 ఆంపియర్ల కేబులు కొంటే, చేజేతులా దాన్ని మూడున్నర కిలోవాట్ల కారు చేసుకున్నట్టే. న్యూజీలాండ్‌లో బజారు ఏసీ పాయింట్లలో చాలావాటికి కేబులు ఉండదు. టైప్ 2 అనే సాకెట్టు మాత్రం ఉంటుంది. జపాను కారుకు ఉండేది టైప్ 1. కాబట్టి ఒక కొస టైప్ 2, రెండో కొస టైప్ 1 ఉన్న కేబులు డిక్కీలో పెట్టుకుని తిరగాలి. కారుతోపాటు జపాను నుంచి వచ్చిన కేబులును ఏదో ఒక ప్లగ్గు తగిలించి 230 వోల్టులకు పెట్టడం మాత్రం వద్దు. అది ఆ వోల్టేజికీ, ఆ సాకెట్టుకూ చేసింది కాదు. కొనేవాళ్ళు ఆ దేశపు ప్రమాణాలకు తగిన కేబులు ఖరీదు కూడా కారు ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.

అమెరికాలో వాడిన కార్ల కథ ఇంకొక రకం. అవి జార్జియా, ఉక్రెయిన్, జోర్డాన్ వంటి దేశాలకు వెళుతుంటాయి. అమెరికా ఇళ్ళలో మూడు ఫేజుల కరెంటు ఉండదు. అందుకని అక్కడి కారులోని చార్జరు ఒకే ఫేజు తీసుకుంటుంది. యూరపులో మూడు ఫేజుల పాయింటు 11 కిలోవాట్లని రాసి ఉంటే, అది ఒక్కొక్క ఫేజుకు 16 ఆంపియర్ల చొప్పున మూడు ఫేజులు కలిపి వచ్చిన లెక్క. అమెరికా కారు అందులో ఒక్క ఫేజే అందుకుంటుంది. అంటే 230 వోల్టులు, 16 ఆంపియర్లు, మొత్తం 3.7 కిలోవాట్లు. లోపల 6.6 కిలోవాట్ల చార్జరు ఉన్నా, 11 కిలోవాట్ల పాయింటు దగ్గర దానికి దక్కేది 3.7 మాత్రమే. మోటారుకు మూడు ఫేజులు కావాలని తెలిసిన రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

"మరి ఫాస్ట్ చార్జింగ్ ఉంది కదా" అంటారు. ఉంది. అక్కడ ఏసీని డీసీగా మార్చే పెట్టె పాయింటులోనే ఉంటుంది. లోపలి చార్జరుతో పని లేకుండా డీసీ నేరుగా బ్యాటరీకి పోతుంది. జపాను కార్లకు దీనికోసం చాడెమో అనే పద్ధతి ఉంది. దాన్ని ముందుకు తీసుకుపోవడానికి 2010లో అక్కడి విద్యుత్ సంస్థ, కార్ల కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టాయి. ఆ పేరులో ఒక చమత్కారం ఉంది. జపాను భాషలో "టీ ఏమన్నా తాగుదామా" అనే మాటను అది గుర్తుకు తెస్తుంది. కారు నిండేలోగా ఒక కప్పు టీ అన్నమాట. అయితే యూరపూ, అమెరికా వేరే పద్ధతుల వైపు వెళ్ళిపోయాయి. పాత కారు కొనేవాళ్ళు తాము ఉండే ఊళ్ళో, తాము వెళ్ళే దారిలో చాడెమో పాయింట్లు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోవాలి. ఇంకొక సంగతి. అమెరికాలో తక్కువ ధర లీఫ్‌లకు ఫాస్ట్ చార్జింగ్ అదనంగా డబ్బు కడితేనే వచ్చేది. ఆ సాకెట్టే లేని కారు చేతికొస్తే లోపలి చార్జరు తప్ప వేరే దారి లేదు. మూత తెరిచి చూస్తే తెలిసిపోతుంది, అరనిమిషం పని.

ఇదంతా విని చిన్న చార్జరున్న కారు పనికిరాదనుకోకండి. నా అభిప్రాయంలో చాలామందికి అది చాలు. లెక్క చూడండి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా తొమ్మిది గంటలు. గంటకు మూడు యూనిట్ల చొప్పున 27. మార్పిడిలో వేడి రూపంలో పదో వంతు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పోతుంది. 24 బ్యాటరీకి చేరాయనుకుందాం. యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల చొప్పున 140 కిలోమీటర్లు వచ్చాయి. ఇంటి దగ్గర ప్లగ్గు ఉండి, రోజుకు యాభై అరవై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి ఇంకా పెద్దది ఎందుకు? బాధపడేది ఇద్దరు. అద్దె ఇంట్లో, సొంత ప్లగ్గు లేకుండా, బజారు పాయింట్ల మీద ఆధారపడేవారు ఒకరు. రెండు గంటలు నిలబెడితే వాళ్ళకు ముప్పై అయిదు, నలభై కిలోమీటర్లకు మించి రావు. నిమిషాల లెక్కన రుసుము తీసుకునే చోట అయితే ఖర్చు కూడా రెట్టింపు. రెండోవారు బాడుగకు తిప్పేవారు. మధ్యాహ్నం భోజనం వేళ ఒక గంట తగిలించి మళ్ళీ బయల్దేరాలనుకునేవారికి 3 కిలోవాట్లకూ, 7 కిలోవాట్లకూ తేడా రోజు సంపాదనలో కనబడుతుంది. పోనీ తర్వాత పెద్ద చార్జరు వేయించుకుందామా అంటే, అది సైకిలుకు డైనమో మార్చినట్టు ఉండదు. చల్లబరిచే గొట్టాలు, లావు తీగలు, కారులోని కంప్యూటరు, అన్నీ కదపాలి. ఆ డబ్బు ముందే కలిపి తగిన కారు కొనుక్కోవడం మేలు.

ఇక మన ఇంటి సంగతి. బెంగుళూరులో తయారైన రేవా అనే బుల్లి కారును 2001 నుంచి అమ్మారు. అది లండను వీధుల్లో కూడా తిరిగింది. దాన్నీ మామూలు ప్లగ్గుకే తగిలించి ఎనిమిది గంటల్లో నింపుకునేవారు. తర్వాత 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ కరెంటు కారు బ్యాటరీ 30.2 యూనిట్లు, లోపలి చార్జరు 3.3 కిలోవాట్లు. 2022 మే నెలలో 40.5 యూనిట్లతో నెక్సాన్ మ్యాక్స్ వచ్చింది. దానికి 3.3 కిలోవాట్ల చార్జరు మామూలుగా ఇచ్చి, 50 వేల రూపాయలు అదనంగా కట్టినవారికి 7.2 కిలోవాట్లది ఇచ్చారు. అదే ఏడు వచ్చిన టియాగోలోనూ ఇంతే, 24 యూనిట్ల బ్యాటరీ కార్లలో 3.3వి ఉన్నాయి, 7.2వి ఉన్నాయి. ఇప్పుడు ఈ కార్లన్నీ రెండో చేతికి వస్తున్నాయి. జపాను లీఫ్‌లో చూసిన తికమకే ఇక్కడా ఉంది. పైకి ఒకటే కారు, లోపల చార్జరు వేరు. పెద్ద ఊళ్ళలో క్యాబులుగా తిరిగిన ఇంకా పాత కార్లలో కొన్నిటికి ఫాస్ట్ చార్జింగ్ సాకెట్టే వేరు. అప్పట్లో భారత్ డీసీ 001 అనే 15 కిలోవాట్ల పద్ధతి ఉండేది. ఇప్పుడు హైవేల మీద పెడుతున్నవి సీసీఎస్ 2 పాయింట్లు. ఆ కారు సాకెట్టుకు ఇవి పట్టవు.

మన పల్లెల్లో ఇంకొక ఇబ్బంది ఉంది. చార్జరు హద్దు ఆంపియర్లలో ఉంటుంది. వోల్టేజి 230 ఉంటే 15 ఆంపియర్లకు దాదాపు మూడున్నర కిలోవాట్లు. సాయంత్రం మోటార్లూ, దీపాలూ అన్నీ వేసిన వేళ మీ ఊళ్ళో వోల్టేజి 190కి దిగితే, అదే 15 ఆంపియర్లకు 2.85 కిలోవాట్లే. అంటే ఎనిమిది గంటల పని తొమ్మిదిన్నర గంటలు అవుతుంది. అందుకని అర్ధరాత్రి దాటాక చార్జింగ్ మొదలయ్యేలా పెట్టుకోవడం మంచిది. మీ ఇంటికి మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూడండి. ఒకటి, రెండు కిలోవాట్లే ఉంటే విద్యుత్ సంస్థకు అర్జీ పెట్టి పెంచుకోవాలి. ప్లగ్గు 15 ఆంపియర్లది, మంచి కంపెనీది అయి ఉండాలి. దానికి బోర్డు నుంచి విడిగా లావు తీగ లాగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి వరండాలోంచి లాగవద్దు. ఇస్త్రీ పెట్టె అయిదు నిమిషాలు లాగే కరెంటు వేరు, ఎనిమిది గంటలు ఆగకుండా లాగేది వేరు. ప్లగ్గు కరిగిపోతుంది. ఎర్తు లేని ఇంట్లో కారు చార్జింగ్‌కే ఒప్పుకోకపోవచ్చు. అది కారు లోపం కాదు. పాత ఇళ్ళలో ఎర్తు తీగ కొస ఎక్కడుందో కూడా తెలియదు. ఎలక్ట్రీషియనును పిలిచి, బొగ్గూ ఉప్పూ వేసి సరైన ఎర్తు గుంట తీయించండి.

చివరిగా, కొనే ముందు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. న్యూజీలాండ్‌లోని పిల్లలకైనా, ఇక్కడి మనకైనా ఇది ఒకటే. అమ్మేవాడి మాటా, కాగితం మీద అంకే చూసి ఊరుకోకుండా, కారును 7 కిలోవాట్లో, అంతకు మించో ఇచ్చే ఏసీ పాయింటు దగ్గరకు తీసుకువెళ్ళండి. బ్యాటరీ సగం ఖాళీగా ఉండాలి. నిండిన బ్యాటరీ ఎటూ తక్కువే తీసుకుంటుంది, దాన్ని చూసి మోసపోతాం. 32 ఆంపియర్ల కేబులు తగిలించి సరిగ్గా అరగంట ఉంచండి. పాయింటు మీద ఎన్ని యూనిట్లు ఎక్కాయో కనిపిస్తుంది. ఒకటిన్నర ఎక్కితే అది 3 కిలోవాట్ల చార్జరు. మూడు ఎక్కితే 6 కిలోవాట్లది. మూడున్నర ఎక్కితే 7 కిలోవాట్లది. అసలేమీ ఎక్కకపోతే వెంటనే చెడిపోయిందనుకోకండి. టైమరు పెట్టి ఉండవచ్చు. జపాను నుంచి వచ్చిన కార్లలో తెర మీద అక్షరాలు జపాను భాషలోనే ఉంటాయి, పాత యజమాని రాత్రి రెండు గంటలకు పెట్టిన టైమరు అలాగే ఉండిపోతుంది. టైమరు తీసేసి మళ్ళీ చూడండి. అప్పటికీ ఎక్కకపోతే లోపలి చార్జరు దెబ్బతిన్నదేమో మెకానిక్‌కు చూపించిన తర్వాతే బయానా ఇవ్వండి.